హ్యాండ్ బ్రేకు లాగే మనిషి

హ్యాండ్ బ్రేకు సరిచేయడం ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని లివరు లాగాలి, ఒకరు కారు కింద పడుకుని నట్టు బిగించాలి. లెక్కల మాస్టారింట్లో లాగే పని భార్యది. లివరు టిక్కుమన్నప్పుడల్లా ఆవిడ పైకి లెక్కపెట్టేది. ఐదో టిక్కుకి చక్రాలు పట్టేస్తే పని అయినట్టే. "లెక్కల మాస్టారి పెళ్ళాన్ని, నాకు లెక్క తప్పుతుందా?" అని ఆటపట్టించేది.

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. రేపు మాస్టారు ఈ ఇంటికి తాళం వేసి, కొండదారి దాటి, కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నారు. బ్రేకేమో తొమ్మిది టిక్కులకిగానీ పట్టడం లేదు. అందుకే మధ్యాహ్నం భోజనం కాగానే కారు వెనక భాగాన్ని స్టాండ్ల మీదికెత్తి, కిందికి దూరారు. షెడ్డు నిండా గ్రీజు వాసన. రేకుల మీద సన్నగా వాన. అలవాటు కొద్దీ నోరు జారారు.

"ఊఁ, లాగు."

టిక్... టిక్...

పానా చేతిలోనే ఆగిపోయింది. టిక్కు టిక్కుకీ పైనుంచి ఓ గుసగుస. "ఒకటి... రెండు..." ఐదు దగ్గర ఆగింది.

గుండె జారిపోవాల్సిన చోట ఆయన బావురుమన్నారు. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?"

"వదులు" అంటే లివరు దిగింది. "లాగు" అంటే మళ్ళీ లెక్క. నట్టు సరిపోయి చాలాసేపైనా, ఆ గుసగుస కోసం లాగిస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో ఇంకో మనిషి మాట వినబడి ఎన్నాళ్ళైందో.

చివరికి మెల్లగా చెప్పారు. "రేపు వెళ్ళిపోతున్నానే."

ఆయన లాగమనలేదు. అయినా లివరు కదిలింది. ఐదు... తొమ్మిది... పదమూడు... ఆ లివరుకి టిక్కుమనే పళ్ళు అన్ని లేవు. పద్నాలుగు...

నట్టు పూర్తిగా ఊడదీశారు. లివరు నుంచి వచ్చే తీగ చివర అరచేతిలోకి జారింది.

"ఇక లాగడానికేమీ లేదు" అన్నారు, తనకే వినబడనంత చిన్నగా.

తీగ మెల్లగా పైకి గుంజింది. చేయి పట్టుకుని రమ్మన్నట్టు.

వదిలేసి బయటికి పాకాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ ఎనిమిది నెలలుగా ఆ చేతిని పట్టుకున్నవాళ్ళు లేరు. తీగని అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు.

"సరే... వెళ్ళనులే."

లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఈసారి గుసగుసగా కాదు, గొంతు విప్పి.

అది ఆవిడ గొంతు కాదు.