ఎకో గదిలో రెండో గుండె

ఆస్పత్రి కింది అంతస్తులో, నడవా చివర ఒక గది ఉంది. గుండె పరిశోధనకని కొత్తగా చేరినవాళ్లు అక్కడ ఎకో తీయడం నేర్చుకుంటారు. ఒకరు మంచం మీద పడుకుంటే ఇంకొకరు ఛాతీ మీద ప్రోబు ఆనించి తెర మీద గుండెని వెతుకుతారు. పగలు సందడే. పొద్దుగూకాక మాత్రం అటు ఎవరూ పోరు.

పోతే ఒక ఆడగొంతు వినిపిస్తుందట. పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు...

"పక్కకి తిరగమ్మా... ఊపిరి బిగబట్టు... ఆఁ, వదులు."

తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరట.

నేను చూడలేదు. మరిది చెప్పింది చెబుతున్నాను. నమ్మబుద్ధి కానిచోట మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. ఎక్కడైనా తేడా వస్తే తప్పు నా చెవిది, అతని నోటిది కాదు.

మనవాళ్లందరికీ దూరంగా పిల్లల్ని పెంచుకుంటున్న మాకు, తలుపు తట్టే చుట్టం అతనొక్కడే. గొంతు పెగిలి మాట్లాడడు. మా పిల్లలు గుసగుస బాబాయి అంటారు. ఆ వేళ వాళ్లు నిద్రపోయారో లేదో చూసొచ్చి, అనుమానం తీరక ఇంకోసారి చూసొచ్చి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు చెప్పమన్నాను.

"నా చెయ్యి కూడా నా గొంతులాంటిదే వదినా," అన్నాడు.

ప్రోబు గట్టిగా నొక్కాలట. నొక్కితే ఎదుటిమనిషికి నొప్పేమోనని ఇతని భయం. తేలిగ్గా ఆనిస్తే తెర మీద పొగమంచు తప్ప ఏమీ రాదు. వాళ్లకి నేర్పే పెద్ద మేడమ్ చూసీ చూసీ ఒకరోజు చెప్పేసింది. "గుండెలో నాలుగు గదులుంటాయి. నాలుగూ ఒకే బొమ్మలో శుభ్రంగా తెచ్చి చూపించు. రేపు పొద్దున నేనే చూస్తాను. తేలేకపోతే ఈ శిక్షణ నీకు కాదు, ఇంటికి వెళ్లిపో."

ఇంకొక్క రాత్రే మిగిలింది. సాధన చేసుకోవడానికి ఒక మనిషి కావాలి.

తోటివాడిని బతిమాలాడు. వాడు దండం పెట్టాడు.

"ఆ గదికా? నేను రాను గురూ. నా గుండె నాక్కావాలి."

"అక్కడెవరో పోయారంటగా... నిజమేనా?"

"ఆస్పత్రిలో మనిషి పోని గది ఏదో చెప్పు, అక్కడికి వస్తా."

దాంతో ఒక్కడే వెళ్లాడు.

నడవాలో సగం దీపాలు ఆర్పేసి ఉన్నాయి. తన చెప్పుల చప్పుడు తన వెనకాల ఎవరో నడుస్తున్నట్టుందట. గదిలోకి వెళ్లి, తలుపు వేయడానికి మనసొప్పక ఓరగా ఉంచి, చొక్కా విప్పి మంచం మీద ఒరిగాడు. తన ఛాతీకి తనే జెల్ రాసుకున్నాడు. చల్లగా... ఎవరో అరచెయ్యి పెట్టినట్టు.

ఇంత దూరం వచ్చాక, సాధనకి తప్ప తనని ముట్టుకున్న మనిషే లేడని ఆ చల్లదనంతో గుర్తొచ్చిందట. నేను మంచినీళ్లిచ్చాను.

ఎంత తిప్పినా బొమ్మ రాలేదు. బూడిదరంగు మసక... అందులో ఏదో గబగబా కొట్టుకుంటోంది. విసిగిపోయి ప్రోబు తీసి మిషను పక్కన పెట్టేశాడు. మిషను తెర నల్లబడింది.

అప్పుడు... ఎదురుగోడకున్న పాత తెర వెలిగింది.

అది పనిచేయగా అతనెప్పుడూ చూడలేదు. దాని మీద ఒక గుండె.

అతనిది కాదు. అతని గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఇది మాత్రం నింపాదిగా... ముడుచుకుంటోంది... విచ్చుకుంటోంది... తొందరేమీ లేనట్టు.

గోడలోంచి గొంతు వచ్చింది.

"పక్కకి తిరగమ్మా..."

మరిది చొక్కా అందుకున్నాడు.

"ఊపిరి బిగబట్టు..."

తెర మీద గుండె అలా ఒక్కక్షణం నిదానించి...

"ఆఁ, వదులు."

పారిపోవలసినవాడే. "మరి ఎందుకు పోలేదయ్యా?" అని గదమాయించాను. "ఆ గొంతు మరీ ఒంటరిగా ఉంది వదినా," అన్నాడు. పైగా ఆ గొంతు తనకి తెలుసట. పగలు రోజూ విసుక్కునే గొంతే. అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు, అంతే.

గోడకి అవతల పాత ఎకో గది ఉంది. మూసేశారని అందరూ అనుకునేదే. తలుపు కింద సన్నగా వెలుతురు. నెట్టాడు.

మంచం మీద పెద్ద మేడమ్. తెర తనవైపు తిప్పుకుని, తన ఛాతీ మీద తనే ప్రోబు పట్టుకుని ఉంది. గదిలో ఇంకెవరూ లేరు.

ఇద్దరూ గుండీలు పెట్టుకోని మనుషులు. ఎవరికి సిగ్గో ఎవరికీ తెలియలేదు. ఆవిడే దుప్పటి లాక్కుంది.

"అవతల కనిపించిందా? ఆ గోడ తెర తీగ ఇంకా పీకలేదా," అంది. "ఇక్కడ తీస్తుంటే పిల్లలు అక్కడ చూసేవాళ్లు, పూర్వం."

"మేడమ్... ఎవరితో మాట్లాడుతున్నారు?"

"పేషెంటుతో. చెప్పాలి కదా, లేకపోతే భయపడుతుంది." నవ్వబోయి మానేసింది. "ఒక నీడ కనిపిస్తోంది బాబూ. నిజంగా ఉందో, నా చెయ్యి వణికి వస్తోందో తేలడం లేదు. పూర్తిగా ఎడమపక్కకి తిరిగితేగానీ తెలియదు. తిరిగితే నాకు తెర అందదు, చెయ్యీ అందదు."

"ఎవరినైనా పిలవకపోయారా?"

"పిలిస్తే రేపటి నుంచి అందరూ నన్ను జాలిగా చూస్తారు." గోడవైపు తిరిగి పడుకుంది. వీపు ఇతనివైపు, తెర కూడా ఇతనివైపు. "వచ్చావుగా. నువ్వు పెట్టు."

అతను ప్రోబు తీసుకున్నాడు. వేళ్లు ఎప్పటిలాగే తేలిపోయాయి. పొగమంచు.

"నొప్పి నాకు. నువ్వు నొక్కు," అంది ఆవిడ.

నొక్కాడు.

మంచు విడిపోయింది. నాలుగు గదులు... గోడలు, తలుపులు, అన్నీ గీసినట్టు. జన్మలో అంత మంచి బొమ్మ తీయలేదట. సంతోషం వచ్చేసింది, ఒక్క క్షణం.

ఎడమవైపు గదిలో ఎవరో ఉన్నారు.

అలాగే అన్నాడు మా మరిది, "ఎవరో ఉన్నారు" అని. ఉండలాంటిది, గుండెలో ఉండకూడనిది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలుపు దాకా వస్తోంది... తొంగి చూస్తోంది... లోపలికి పోతోంది. మళ్లీ వస్తోంది.

"ఏం కనిపిస్తోంది?" ఆవిడ గోడని చూస్తూనే అడిగింది.

అతని నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"డాక్టరు గారు చెబుతారండి."

చేరినరోజే కంఠతా పట్టిస్తారట ఆ మాట. మంచం మీది మనిషి ఎంత బతిమాలినా మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా అదొక్కటే అనాలి. పట్టించింది ఈవిడే. గదిలో ఉన్న డాక్టరూ ఈవిడొక్కతే.

మేడమ్ ఇటు తిరగలేదు. అతను తప్పు చేసినవాడిలా ప్రోబు తీయబోయాడు.

"తియ్యకు," అంది, గుసగుసగా. "కాసేపు... చెయ్యి అక్కడే ఉంచు."