ఎవరిదీ కాని సర్వర్

ఆదివారం మధ్యాహ్నం రాలిత్సా ఆఫీసు నేలమాళిగలోకి దిగుతుంటే సగం మెట్ల మీదే కంపు తగిలింది. రూసె ఊళ్లో ఆ కట్టడం ఒకప్పుడు పందిమాంసం నిలవచేసే శీతల గిడ్డంగి. గోడలకు తెల్ల పలకలు, కప్పుకు ఇనుప కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. చల్లదనం ఊరికే వస్తోంది కదా అని యజమాని అందులో సర్వర్లు పెట్టించాడు. ఎండాకాలంలో గోడల్లోంచి పాత కొవ్వు వాసన రావడం ఆమెకు అలవాటే. కానీ ఇది జనవరి. బయట డాన్యూబ్ నది మీద మంచు పలకలు తేలుతున్నాయి.

చెయ్యాల్సిన పని మామూలుదే. ఒక్కో పెద్ద మిషన్లో ఎందరో ఖాతాదారుల వర్చువల్ సర్వర్లు, ఒకే ఇంట్లో అద్దె వాటాల్లా, ఎవరి తలుపు వాళ్లదిగా ఉంటాయి. వాటిని చూసుకునే కంట్రోల్ ప్యానెల్ పాతబడిపోయింది. ఇప్పుడు అన్నిటినీ పై అంతస్తులోని మిషన్లకు, కొత్త ప్యానెల్ కిందికి మార్చాలి. పాత మిషన్ డిస్కు అరిగిపోయి అప్పటికే కీచుమంటోంది.

బేకరీ సర్వర్ పైకి వెళ్లింది. డ్రైవింగ్ స్కూలుది వెళ్లింది. చివరికి కిడ్నీ ఆసుపత్రిది మిగిలింది. ఏ రోగికి ఎంత మందు, డయాలసిస్ మిషన్ మీద ఎంతసేపు, అన్నీ అందులోనే. ఇంకో కాపీ ఉంచుకోండని ఆమె చెబుతూనే ఉంది, డాక్టరు నవ్వేసి ఊరుకుంటూనే ఉన్నాడు.

దాని కింద ఇంకో సర్వర్ కనిపించింది. యజమాని పేరు లేదు. కానీ నడుస్తోంది.

తెరిచింది. అక్షరాలు రావాల్సిన చోట బొమ్మ వచ్చింది. ఇదే గది. సర్వర్లు లేవు. కొక్కేలకు కోసిన పందులు వేలాడుతున్నాయి. వాటి మధ్య ఎవరో నేల మీద చతికిలబడి, అటు తిరిగి ఏదో తింటున్నారు. చెవుల వెనక దవడ కదులుతోంది. బొమ్మకు శబ్దం లేదు. అయినా చప్పరింపు వినిపించింది... తన వెనక నుంచి.

తిరిగి చూసింది. ఎవరూ లేరు. కీబోర్డు మీద వేళ్లు జారాయి. మీటల సందుల్లోంచి పచ్చటి జిడ్డు ఊరుతోంది. అందులో పొట్టి, బిరుసు వెంట్రుకలు.

ముక్కు మూసుకుని స్తామెన్‌కి ఫోను చేసింది. గిడ్డంగి రోజుల నుంచీ అక్కడే పనిచేస్తున్న పెద్దాయన. ఆమె చెప్పిందంతా విన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నీ వైపు తిరిగిందా?"

"లేదు బాబాయ్."

"అయితే మూసెయ్ తల్లీ. దాన్ని మార్చకు, చెరపకు. ఆ గది దాటడానికి దానికి దారి లేదు. నువ్వు ఇవ్వకు."

మూసేసింది. ఆసుపత్రి సర్వర్ ఒక్కదాన్నే ఎంచి, బదిలీ మొదలుపెట్టింది. సగం వెళ్లింది. ముప్పావు వెళ్లింది. ఎంత ఉండాలో అంతా వెళ్లిపోయింది...

ఆగలేదు. ఇంకా వెళ్తూనే ఉంది.

పాత ప్యానెల్ వైపు చూసింది. పేరు లేని సర్వర్ అక్కడ లేదు.

కంపు గొంతులోకి దిగింది. మిషన్ గాలి రంధ్రాల్లోంచి కొవ్వు చుక్కలుగా కారి ఆమె బూటు మీద పడింది. వెచ్చగా ఉంది. ఆమె పై అంతస్తుకు వెళ్లే తీగ పట్టుకుంది. లాగితే చాలు, ఆగిపోతుంది. కానీ డిస్కు ఆఖరి అరుపులు అరుస్తోంది. ఇప్పుడు తెంపితే ఆసుపత్రిది ఇక ఎప్పటికీ రాదు. పొద్దున్నే చెయ్యి చాపి కుర్చీల్లో కూర్చునే మనుషులు కళ్లముందు మెదిలారు. ఎవరికి ఎంత మందో ఎవరికీ తెలియదు.

తీగ వదిలేసింది. మూలనున్న బకెట్ దగ్గరికి పరిగెత్తి, కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

తలెత్తేసరికి బదిలీ పూర్తయింది. డిస్కు చచ్చిపోయింది. గదిలో వాసనే లేదు. ఎవరో నాకి శుభ్రం చేసినట్టు, మీటల మీద ఒక్క మరకా లేదు.

ఈసారి స్తామెనే ఫోను చేసి అది ఎక్కడుందని అడిగాడు. ఇక్కడే ఉందని అబద్ధం చెప్పేసింది.

సోమవారం పొద్దున ఆసుపత్రి నర్సు మిల్కా ఫోను చేసింది. అంతా బాగా పనిచేస్తోందని, డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారని చెప్పింది. రాలిత్సా ఊపిరి పీల్చుకుంది.

"కానీ అమ్మాయ్, మీరు పంపిన మనిషిని కాస్త స్నానం చేసి రమ్మనాల్సింది."

తాము ఎవరినీ పంపలేదని చెప్పబోయింది.

అంతలో మిల్కా గుసగుసగా అంది. "పనేమీ లేకపోయినా వెళ్లడం లేదు. రోగుల మధ్య తిరుగుతూ... ఒక్కొక్కరి చెయ్యీ వాసన చూస్తున్నాడు."