మూడో గొట్టం రుచి

మూడో గొట్టం నీటిని కాసేపు నాలుక మీద ఆపి, బుగ్గల్లో తిప్పి, వకుళ తొట్టిలోకి ఉమ్మేసింది.

"తుప్పు తాళంచెవి," అంది, మాటలు విని అంకెలు నమోదుచేసే శ్రోత యంత్రంతో. తర్వాత, "అరవై."

శ్రోత మాటను వదిలేసి అంకెను ఉంచుకుంది. నీళ్లు తనిఖీ గట్టెక్కడానికి నూటికి కావలసిన అంకె అరవై. నిజమైన అంకె అంతకంటే ఎంత తక్కువో ఆమె నాలుకకు తెలుసు.

సముద్రాన్ని మంచినీళ్లుగా మార్చే ఆ కర్మాగారంలో చివరి తనిఖీ మనిషి నాలుకదే. పరికరాలను నమ్మి ఒక నగరమంతా మంచం పట్టాక చట్టం అలా మారింది. రుచిదారు పూటపూటా మూడు గొట్టాలకూ అంకె చెబితేనే ద్వారాలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మొదటి గొట్టం అధికారుల క్వార్టర్లకు, రెండోది నగరానికి, మూడోది తీరం కాలనీలకు. ఆ మూడోదానికి వడపోత పొరలు మార్చి చాలాకాలమైంది.

రుచిదార్లు ఉల్లి, కాఫీ, కారం ముట్టకూడదు. తలలో పువ్వులు పెట్టుకోకూడదు. పెళ్లయి నెల తిరగని వకుళకు ఈ నిషేధాలన్నీ ఇంకా ఆటలాగే ఉన్నాయి. పొద్దున భర్త నీలకంఠం పోపు లేని పప్పు వండి, తానూ అదే తిని, బ్రహ్మాండంగా ఉందని అబద్ధమాడాడు. ఆ అబద్ధాన్ని తలుచుకుని ట్రాములో ఆమె తనలో తనే నవ్వుకుంది.

ఒక్కో రుచిదారుకు తనదైన మాట ఉంటుంది. రుచికి పేరు పెట్టకపోతే నాలుక మర్చిపోతుందని పని నేర్పిన రోజే అప్పన్న చెప్పాడు. పక్క పీట ఆయనదే. మూడో గొట్టానికి ఆయన పెట్టుకున్న పేరు 'మూసిపెట్టిన తడిగొడుగు'.

మధ్యాహ్నం, ఉద్యోగుల విధేయతను కనిపెట్టే విశ్వాస విభాగం అధికారి జయసింహ ఆమెను తన గదికి పిలిచి దినపత్రిక ముందు పెట్టాడు. తీరం కాలనీల నీటి మీద పెద్ద వార్త. చెప్పినవాళ్ల పేరు లేదు, పోల్చుకోగల వివరమూ లేదు. ఒక్క ముక్క మాత్రం కొటేషన్ల మధ్య ఉంది: మూసిపెట్టిన తడిగొడుగు వాసన.

"ఈ మాట ఎవరిదమ్మా?"

శ్రోతను అడిగి లాభం లేదు. ఫిర్యాదులు సాక్ష్యంగా మిగలకుండా మాటలన్నీ చెరిపేసే ఏర్పాటు సంస్థే చేసుకుంది. ఇప్పుడు మిగిలినవి పక్కన కూర్చున్నవాళ్ల చెవులే. సాయంత్రం ద్వారాలు తెరిచేలోపు చెప్పమన్నాడు జయసింహ. మొదటి గొట్టం మీద ఒక క్వార్టరు ఖాళీగా ఉందని, కొత్త దంపతులకు బాగుంటుందని అన్నాడు. దొరికినవాడికి జైలు, వాడి కుటుంబానికి నీటిహక్కు రద్దు అని కూడా అదే గొంతుతో చెప్పాడు.

చేతులు కడుక్కునే చోట కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున ఆమె అప్పన్నకు అంతా చెప్పింది. ఆయన దాచలేదు. ఆ వార్త రాసిన విలేకరి నాజ్నీన్ చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించాడు. ఎక్కడున్నాడో సంస్థకు చెప్పేసే చెవి పరికరం కర్ణికను ఇంట్లో వదిలేసి, సెలవునాడు, చేపల మార్కెట్ రద్దీలో ఆమెను కలిశాడు. లోపలి కాగితం ముక్క కూడా బయటికి తేలేదు. ఒక్కరికే తెలిసిన సంగతి చెబితే ఆ ఒక్కరినే పట్టుకుంటారని ఆమె హెచ్చరిస్తే, పదిమందికీ తెలిసిందే చెప్పాడు.

"పేరు దాసింది, మొకం దాసింది. మాట కూడా దాయాలని ఆవిడికి తెలీదు. నాకూ తోచలేదు తల్లీ. ఇన్నేళ్లు నోట్లో ఉన్నాది కదా, అది నాదని మర్సిపోనాను."

"నువ్వు నోరు విప్పకు బాబాయ్."

"విప్పకపోతే నీ పీకమీద కూకుంటారు."

"నాకు క్వార్టరిస్తారంట."

"ఇంకేటి మరి. ఆ పోపు లేని పప్పేదో మంచినీళ్లతో వండుకోండి." ఆయన నవ్వబోయాడు. కుదరలేదు.

సాయంత్రం జయసింహ రుచిశాలకే వచ్చి వకుళ వెనక నిలబడ్డాడు. మొదటి గొట్టానికీ రెండోదానికీ ఆమె అంకెలు చెప్పింది. మూడోది నోట్లో పోసుకుంది. ఈసారి ఉమ్మలేదు, మింగేసింది. పొద్దుటినుంచి ఆ నీళ్లతోనే అన్నం వండుకున్న ఇళ్లు గొంతులోంచి దిగుతున్నట్టనిపించింది.

"మూసిపెట్టిన తడిగొడుగు," అంది శ్రోతతో.

శ్రోత అంకె కోసం ఎదురుచూసింది. ఆమె చెప్పలేదు.

"అయితే ఆ మాట నీదా?" అన్నాడు జయసింహ.

"ఈ నీళ్లదండి."

"అంకె చెప్పు."

"ఇన్నాళ్లూ చెప్పిన అరవై నాది. ఇంక నా దగ్గర లేదు."

అతను అప్పన్న వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నాడు. అప్పన్న తన గ్లాసును ముందున్న బల్ల మీద బోర్లించాడు. వకుళ ఆయన వైపు చూడలేదు. నోరు విప్పకు అన్నది తనే అయినా, ఆ మాట తనదని ఆయన నిజంగానే చెప్పకపోవడం ఆమెకు చేదుగానే ఉంది. తర్వాతి పీటల మీదున్న రుచిదార్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తమ గ్లాసులూ బోర్లించారు.

ద్వారాల దీపం ఎర్రగానే ఉండిపోయింది. మూడు గొట్టాలూ ఆగిపోయాయి. తీరం కాలనీల్లో బిందెలు వరుసకట్టి ఉంటాయని వకుళకు తెలుసు. ఇవాళ వాళ్లకు ఆ పాడు నీళ్లు కూడా లేవు, తన వల్లే. జయసింహ ఫోను మోగింది. క్వార్టర్ల నుంచి.

ఆమె శుభ్రమైన గ్లాసు తీసి, మూడో గొట్టం నీటితో నింపి, అతని ముందు పెట్టింది.

"చట్టానికి మా నాలుకే కానక్కర్లేదండి. ఏ మనిషిదైనా చాలు. తాగి అంకె చెప్పండి."

గ్లాసులో నీళ్లు తేటగా ఉన్నాయి. జయసింహ ఫోను తీయలేదు. గ్లాసూ తీయలేదు.