ఇరవై ఏడు సెకన్లు

"ఏమప్పా, శానాసేపటి నుంచి చూస్తాండా. వచ్చేపోయేవాళ్ల కాళ్ల వంక అట్ల గుడ్లప్పగించి చూసేదానికి సిగ్గు లేదా నీకు?"

రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న యువకుడు ఉలిక్కిపడి లేచాడు. ఒళ్లో ఉన్న రాత అట్ట జారి కింద పడింది. చేతిలోని స్టాప్‌వాచ్‌ను మాత్రం పడనివ్వలేదు.

"కాళ్లే మేడం... అంటే, ఆడోళ్లవే కాదు. అందరివీ చూస్తాండా."

"అందరివీనా! ఇంకా మంచిది!"

కర్నూలు కంటి ఆసుపత్రి సెంటర్లో సాయంత్రం ఐదున్నర అంటే ఆటోలు, బస్సులు, బజ్జీల బండి పొగ, పడమటి ఎండ అన్నీ ఒక్కసారిగా మనిషి మీద పడతాయి. ఆ ఆసుపత్రిలో పొద్దున్నుంచి జనం కళ్లు పరీక్షచేసి అలిసిపోయిన యామినికి అసలే చికాకుగా ఉంది. కోపం వస్తే ముందు ఆమె ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత నోరు తెరుచుకుంటుంది. ఈరోజు రెండూ కలిసే జరిగాయి.

అతను అట్ట తీసి, దుమ్ము దులిపి, ఆమె ముందు పెట్టాడు. పైన 'ట్రాఫిక్ విభాగం, పాదచారుల సర్వే' అని ఉంది. కింద గళ్లు: వయసు, పట్టిన సమయం, ఇతర వివరాలు.

"నా పేరు భూపేష్ మేడం. మాది కడప. ట్రాఫిక్ ఆఫీసులో కాంట్రాక్టు మీద చేస్తాండా. రోడ్డు దాటేదానికి ఎవరికి ఎంతసేపు పడతాందో రాసుకోవాల. ఈ ఆసుపత్రి నుంచి ఎవరో అర్జీ పెట్టినారంట, దాటేవాళ్ల సిగ్నల్లో పచ్చ బొమ్మ పన్నెండు సెకన్లే వెలుగుతాండాది, ఆపరేషనైన ముసలోళ్లు నడిమధ్యలో ఇరుక్కుపోతాండారని."

యామిని ముక్కు ఎరుపు మెల్లగా చెవులకు పాకింది.

"ఆ అర్జీ శానా గట్టిగా రాసినారు మేడం," అతను ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. "'మీ ఆఫీసర్లు ఒక కన్ను మూసుకుని ఒక్కసారి ఈ రోడ్డు దాటి చూడండి' అని. మా ఆఫీసులో అందరూ చదివినారు. నేనైతే రెండుసార్లు చదివినా. రాసినామె కనిపిస్తే దండం పెడదామనుకున్యా."

"పెట్టు అయితే," అంది యామిని నేల చూస్తూ. "నేనే."

అతను నిజంగానే చేతులు జోడించాడు. ఆమె ఇంక ఒక్క క్షణం అక్కడ నిలబడలేక గబగబా రోడ్డు దాటేసింది. వెనక స్టాప్‌వాచ్ టిక్కుమన్న చప్పుడు వినబడింది. తననీ కొలిచాడన్నమాట!

*

ఆ అర్జీ వెనక ఆలూరు గురమ్మ ఉంది. కంట్లో పొర తీయించుకుని, పట్టీతో బస్టాపుకు బయల్దేరింది. సగం దారిలో ఎర్ర లైటు పడింది, ఇటు లారీ, అటు బస్సు. ముసలామె డివైడరు పట్టుకుని కూలబడిపోయింది. రెండో కంటికి రమ్మని యామిని ఫోన్ చేస్తే, "ఆ రోడ్డు దాటేకంటే నాకు ఒక కన్నే మేలు పాపా," అంది. ఆ మాట యామిని గుండెలో ముల్లులా దిగింది. ఆ రాత్రే కూర్చుని అర్జీ రాసింది.

అందుకే ఈ సర్వే ఆమెకు సొంత పని కంటే ఎక్కువ. మంగళవారం భూపేష్‌ను వెతుక్కుంటూ తనే వెళ్లింది, నిన్నటి మాటకు ఏమీ అనుకోవద్దని చెప్పడానికి.

సర్వే జరిగినన్నాళ్లూ సిగ్నల్ లైటుతో పనిలేదు. జనం దాటడం మొదలుపెట్టగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఓబుళేశు చెయ్యెత్తి బండ్లను ఆపుతాడు. ఆఖరి మనిషి అవతల అడుగుపెట్టేదాకా దించడు. మనిషికి నిజంగా ఎంతసేపు కావాలో తెలియాలంటే తరమకూడదు గదా, అదీ పద్ధతి.

"మీరు శానా ఫాస్టు మేడం," అన్నాడు భూపేష్. "నిన్న తొమ్మిది సెకన్లు. ఈ సెంటర్లో ఇంతవరకూ అదే రికార్డు."

"అవమానం అట్ల పరిగెత్తించింది. మరి నువ్వు ఎన్ని సెకన్లలో దాటతావు?"

"నన్ను ఎవరు కొలుస్తారు మేడం? నేను ఈ పక్కనే కూర్చునేవాణ్ణి."

ఆ మాట అతను నవ్వుతూనే అన్నాడు. అయినా యామిని దాన్ని అవతలి ఒడ్డుదాకా మోసుకెళ్లింది. ఆ రోజు పద్నాలుగు సెకన్లు పట్టింది.

బుధవారం ఆసుపత్రి క్యాంటీన్ నుంచి టీ తెచ్చి ఇచ్చింది. ఎండలో కూర్చున్న మనిషికి టీ ఇవ్వడం ధర్మం, అంతే, అని తనకు తనే చెప్పుకుంది. గురువారం జడలో కనకాంబరాలు పెట్టుకుంది. దానికి ఏ ధర్మమూ దొరకలేదు.

నడక మాత్రం రోజురోజుకూ నెమ్మదిస్తోంది. రోడ్డు మధ్యకు వచ్చేసరికి ఒకసారి తల తిప్పాలి. తిప్పితే అతను స్టాప్‌వాచ్ పట్టుకుని ఆమెనే చూస్తుంటాడు, అది అతని ఉద్యోగం కూడాను! అంత హాయిగా, అంత చట్టబద్ధంగా తనను చూసే మనిషి యామినికి ఇంతవరకూ తగల్లేదు.

"అమ్మా, కొంచెం బిన్నా నడువమ్మా," ఓబుళేశు గోల పెట్టాడు. "నా చెయ్యి పీకుతాండాది!"

శుక్రవారం వాన వచ్చింది. కర్నూలుకు వాన బంధువులా వస్తుంది. ముందు చెప్పదు, వచ్చాక ఉండమన్నా ఉండదు. అరగంట కురిసి వెలిసింది. తడిసిన మట్టి వాసన రోడ్డంతా కమ్ముకుంది. నల్లటి తారు మీద బండ్ల లైట్లు పొడుగ్గా సాగి మెరుస్తున్నాయి. ఓబుళేశు చెయ్యెత్తాడు, ఊరంతా ఆగింది. యామిని తెల్లటి గీతల మీద ఒక్కో అడుగే వేసింది. హారన్లు ఎక్కడో దూరంగా, వేరే ఊళ్లో మోగుతున్నట్టున్నాయి. ఈ రోడ్డు ఇంకొంచెం వెడల్పుంటే ఎంత బాగుండునో అనిపించింది. నవ్వొచ్చింది, నవ్వుతూనే నడిచింది.

ఇరవై ఏడు సెకన్లు.

శనివారం కూడా అంతే పట్టింది. ఫోన్ నంబరు అడుగుతాడని దాటే ముందు కాసేపు నిలబడింది. అతను కాగితాలు సర్దాడు, పెన్నుకు మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి, "సర్వే అయిపోయింది మేడం," అన్నాడు.

"అవునా," అంది యామిని. ఇంటికెళ్లి పూలు తీసి పక్కన పడేసింది. ఇంత మొద్దు మనిషి కడప జిల్లాలో ఇంకొకడు ఉండడని తీర్మానించుకుంది.

*

పది రోజుల తర్వాత సిగ్నల్ బోర్డు మీద కొత్త అంకె వెలిగింది. ఇరవై నాలుగు.

ఆ వారమే ఆలూరు నుంచి గురమ్మ రెండో కంటికి వచ్చింది. ఆమె రోడ్డు దాటాక, ఇంకా మూడు సెకన్లు మిగిలున్నాయని యామిని చూపిస్తే, "ఎవరు పాపా ఇట్ల చేసింది? ఆ బిడ్డ సల్లగుండాల," అంది. యామినికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ బిడ్డ ఎక్కడున్నాడో ఏమో!

తర్వాతి శనివారం ఓబుళేశు ఆమెను చూసి దగ్గరికి వచ్చాడు.

"నీకు తెలిసిందా అమ్మా? ఆటోస్టాండు వాళ్లు, అంగళ్లోళ్లు కంప్లయింటు ఇచ్చినారు, ట్రాఫిక్ జామ్ అవుతాండాదని. డీఎస్పీ మేడం సర్వే కాగితాలు తెప్పిచ్చి చూసింది. ఎవరో వయసు పిల్ల ఇరవై ఏడు సెకన్లు నడిచినట్టు రాసుండాదంట. అర్జీ పెట్టినామె, లెక్క రాసినాయన కుమ్మక్కయినారని అనుమానం. సోమవారం తేలుస్తారు. మళ్లీ పన్నెండుకు తెస్తారంట. ఆ పిల్లోడి ఉద్యోగం గూడా పోయేట్టుండాది."

"ఆయన ఏం చెప్పినాడు?"

"చూసింది చూసినట్టు రాసినా అన్యాడంట. ఇంకొక ముక్క మాట్లాడలేదు. నీ పేరెత్తితే ఒట్టు."

యామిని అలాగే నిలబడిపోయింది. పచ్చ బొమ్మ వెలిగి, లెక్క తగ్గి, ఆరిపోయింది. ఆమె దాటనేలేదు.

*

సోమవారం అర్జీల రోజు. పోలీసు ఆఫీసు హాలులో యాభైమంది దాకా ఉన్నారు. ముందు టేబుల్ దగ్గర ట్రాఫిక్ డీఎస్పీ స్వర్ణలత, ఎదురుగా చేతులు కట్టుకుని భూపేష్. మనిషి ఈ కొన్నాళ్లలోనే చిక్కిపోయాడు. యామినిని చూడగానే వద్దన్నట్టు తలూపాడు. ఆమె చూడనట్టే ముందుకు నడిచింది.

"మేడం, ఆ ఇరవై ఏడు సెకన్ల మనిషి నేనే."

స్వర్ణలత కళ్లద్దాల పైనుంచి ఆమెను కిందికీ పైకీ చూసింది. "కాళ్లు బాగుండాయా నీకు?"

"బాగుండాయి మేడం."

"సోమవారం తొమ్మిది సెకన్లలో దాటినావు. శుక్రవారానికి ఇరవై ఏడు. నాలుగు రోజుల్లో అంత ముసలిదానివి అయిపోయినావా?"

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. యామిని ముక్కు ఎర్రబడింది. ఈసారి కోపంతో కాదు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఒక మనిషి ఉద్యోగం పోతుంది, రేపు ఇంకో గురమ్మ నడిరోడ్డు మీద కూలబడుతుంది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆయన రాసింది అబద్ధం కాదు మేడం. నేను నడిచిందే అబద్ధం. ఆయన చూస్తాండాడని నెమ్మదిగా నడిచినా. ఆయన్ను ఇంకొంచెంసేపు చూడొచ్చని నడిచినా. తప్పు నాది. నా వరుసలు కొట్టేయండి, ముసలోళ్ల వరుసలు కొట్టేయొద్దండి."

భూపేష్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు.

స్వర్ణలత కాగితాలు తిరగేసింది. "అయితే ఇవి ఏందో నువ్వే చెప్పు. 'ఇతర వివరాలు' అనే గడిలో అందరికీ కర్ర ఉందనో, కంటికి పట్టీ అనో రాసినాడు. నీకు చూడు." ఆమె పైకి చదవసాగింది. "సోమవారం, 'అర్జీ మేడం. కోపంగా'. మంగళవారం, 'కోపం తగ్గింది'. బుధవారం, 'టీ ఇచ్చినారు'. గురువారం, 'కనకాంబరాలు'. శుక్రవారం, 'వాన వెలిసింది. నవ్వుతా నడిచినారు'."

భూపేష్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"శనివారం," స్వర్ణలత గొంతు కొంచెం మెత్తబడింది. "'రేపటి నుంచి సర్వే లేదు'."

నంబరు అడగని మొద్దు మనిషి, గవర్నమెంటు ఫారం మీద అంతా రాసిపెట్టుకున్నాడు. యామిని అతనివైపు తిరిగింది. యాభైమంది చూస్తున్నారన్న సంగతే మరిచిపోయింది.

స్వర్ణలత ఎర్ర పెన్ను తీసి ఆరు వరుసలు కొట్టేసింది. పక్కనున్న గుమస్తాతో మిగతా ఆరువందల చిల్లర లెక్క మళ్లీ వేయించింది. కంటికి పట్టీ ఉన్నవాళ్లకు కావలసింది ఇరవై నాలుగే. సెకను కూడా తేడా లేదు.

"ఇరవై నాలుగే ఉంటుంది," అని కంప్లయింటు ఇచ్చినవాళ్లకు వినబడేట్టు చెప్పింది. "నీ మీద చర్య ఏమీ లేదులే భూపేష్. కానీ ఇంకోసారి గవర్నమెంటు కాగితం మీద పూల సంగతి రాసినావంటే చూడు. పోండి ఇద్దరూ. నెక్స్టు!"

*

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. బయట మబ్బు పట్టి ఎండ మెత్తబడింది. గాలి చల్లగా తగులుతోంది.

"నేనే కావాలని నెమ్మదిగా నడిచినానని చెప్పింటే నీకు ఈ తిప్పలు ఉండేవి కాదు గదా," అంది యామిని.

"నలుగురిలో మీ మాట ఎట్ల తెస్తా మేడం?"

"ఉద్యోగం పోయింటే?"

"ఇంకోటి చూసుకునేవాణ్ణి. మీకు చెడ్డపేరు వస్తే ఏం చేసేవాణ్ణి?"

యామిని కళ్లు తుడుచుకుంది. "అంతమంది ముందర నేను చెప్పినా. నువ్వు కాగితానికి తప్ప మనిషికి చెప్పవా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకు ప్రాణం మేడం."

"మేడం తీసేసి చెప్పు."

"నువ్వంటే నాకు ప్రాణం, యామినీ."

తన పేరు ఇంత బాగుంటుందని ఆమెకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. రెయిలింగు మీద ఉన్న అతని చేతి పక్కనే తన చెయ్యి పెట్టింది.

"రేపటి నుంచి నాకు కడపలో డ్యూటీ," అన్నాడు భూపేష్. "మా అమ్మకు అంతా చెప్తా. ఆదివారం ఆమెను పిల్చుకొని మీ ఇంటికి వస్తా, మీ నాయన్ను అడిగేదానికి."

"ఆదివారం వద్దు."

అతని ముఖం వాడిపోయింది. "ఎందుకని?"

"మా నాయన ఆదివారం బనగానపల్లెకు పోతాడు, తోట చూసుకునేదానికి," అంది యామిని. "శనివారమే రా."