ఎవరూ తీయని ల్యాంపు

2008 వానాకాలం. కొత్తగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఒక బొగ్గు గనికి మా కంపెనీ కొత్త లిథియం బ్యాటరీలు పట్టుకెళ్లాను. కార్మికులు తలకు పెట్టుకునే ల్యాంపుల కోసం. అంతకుముందు చేసినవి జల్దీగా ఛార్జింగ్ ఎక్కాలని ఎక్కువ కరెంటిస్తే ఉబ్బిపోయేవి, షిఫ్టు మధ్యలో చచ్చిపోయేవి. గని లోపల వెలుగు పోవడమంటే మాటలా? వీటికి ఆ రోగం లేదని నేను చూపించాలి.

ల్యాంపు రూం బాధ్యత హెప్సిబాది. ఆమె భర్త ఆంథోని గనిలో పైకప్పు కూలి చనిపోతే ఇచ్చిన ఉద్యోగం. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను ల్యాంపు అర పైనున్న మేకుకు తగిలించి ల్యాంపు తీసుకుంటాడు. పైకొచ్చి ల్యాంపు పెట్టి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల మేకుకే ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

ఆంథోని ల్యాంపును మాత్రం రోజూ ఛార్జింగ్ పెడతారు, ఎవరూ తీయరు. అతని బిళ్ల ఆ రోజు నుంచీ దాని పైన మేకుకే ఉంది. పోల్చి చూడడానికి వాడకుండా ఉండే బ్యాటరీ ఒకటి నాకు కావాలి. ఒకటి అందులోనే బిగించాను. హెప్సిబా వద్దంది. నేను వినలేదు.

లోపలికెళ్లినవన్నీ బాగానే ఉన్నాయి. కదలని ఆ ఒక్కటే ప్రతి షిఫ్టు చివర ఖాళీ అయ్యేది. నాకు హెప్సిబా మీదే అనుమానం. కక్షగట్టి నా ట్రయల్ చెడగొడుతోందని, పై ఆఫీసుకు రాస్తానని బెదిరించాను. ఉద్యోగం పోతే ఆమె పిల్లలు రోడ్డున పడతారని తెలిసే అన్నాను.

“నేను ముట్టలే సార్. తాళం మీరే ఏసుకోండ్రి.”

షిఫ్టు వాళ్లు గనిలోకి దిగాక ఆమెను బయట కూర్చోమని, ఆ ల్యాంపున్న అర జాలీ తలుపుకు తాళం వేశాను. తాళంచెవి జేబులో వేసుకుని లోపలే కూర్చున్నాను. మర్నాడు నన్నూ గనిలోకి దిగమని ఇచ్చిన బిళ్ల కూడా అదే జేబులో ఉంది.

వాన పట్టుకుంది. కరెంటు పోయింది. పట్టపగలే గదంతా చీకటి. మొదట పాత బ్యాటరీల యాసిడ్ వాసన. తర్వాత తడి బొగ్గు వాసన... ఎవరో దగ్గారు. చాలా దగ్గర్లో... జాలీ వెనక ఏదో ఇనుముకు తగిలింది. లేవలేకపోయాను.

కరెంటొచ్చింది. తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే ల్యాంపు చెయ్యి కాలేంత వేడిగా ఉంది. ఛార్జింగ్ లేదు. అద్దం నిండా తడి మసి.

హెప్సిబా లోపలికొచ్చింది. ల్యాంపును చూడలేదు. పైన మేకు వంక చూసింది.

“ఆయన పైకొచ్చిండు సార్,” అంది గుసగుసగా. “మరి లోపల ఎవరున్నరు?”

మేకుకు ఆంథోని బిళ్ల లేదు, ఇంకో బిళ్ల వేలాడుతోంది. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి. జేబు తడుముకున్నాను... ఖాళీ.

బిళ్ల మీది నంబరు నాదే. నేనింకా గనిలోకి దిగనే లేదు.