అంచు దాటిన పోగులు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఈ కాస్త రాయడానికే వానాకాలమంతా పట్టింది. చదువు పెద్దయ్యాక వచ్చింది, వచ్చాక ఇష్టంగా చదివినవి గూఢచారి పుస్తకాలే. కనుక ఇదీ అలాంటి కథే.

1971 డిసెంబరు. యుద్ధం నడుస్తోంది. బొంబాయిలో ఒక పాత గోదాం పై అంతస్తులో సీక్రెట్ సర్వీస్ చీఫ్ బల్ల మీద ఒక చీర పరిచాడు.

"లీదియా పంపిన చీర. నీ కంప్యూటర్ ప్రోగ్రాం ఏం చెప్పింది?"

"అర్థంలేని అక్షరాలు, సార్," అన్నాడు ఏజెంట్ దానియేలు.

విదేశీ ముఠా ఒకటి తన ఆజ్ఞలను బొంబాయి పక్కనున్న భివండిలో నేసే చీరల అంచుల్లో దాచి పంపుతోంది. అంచులో వరుసకు ఎనిమిది పోగులు. పోగు పైకి లేస్తే ఒకటి, కిందికి పోతే సున్నా. ఒక్కో వరుస ఒక్కో అక్షరం. ఆ అక్షరాల పట్టిక మనవాళ్ళకు ముందే చిక్కింది. కాని ముఠా ప్రతి వరుసనూ పక్కకు జరిపి నేయిస్తుంది. దాని తాళం కనిపెట్టి పంపింది లీదియా: ఎడమకు మూడు గడులు. ముఠాలో డిజైనర్‌గా చేరి, వాళ్ళ జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

"తప్పుడు తాళం ఇచ్చింది. వాళ్ళ మనిషే," అన్నాడు చీఫ్. "ఆమెకు పెట్టిన కాపలా పొద్దున్నే తీసేయించాను. వెళ్ళి పని ముగించు."

వచ్చే నెల భివండి కనేరి చర్చిలో దానియేలుకు, లీదియాకు పెళ్లి. ఆ సంగతి చీఫ్‌కు తెలియదు. గూఢచారులు శుభలేఖలు పంచరు.

మధ్యాహ్నానికి దానియేలు భివండి టెంఘర్‌లో, ముఠా చీరలు నేయించే మగ్గాల కార్ఖానాలో ఉన్నాడు. నూనె మరకల బనీను, చెవి మీద బీడీ. మగ్గాలు బాగుచేసే జాబర్ వేషం. టిఫిన్ డబ్బా పై గిన్నెలో రొట్టె, కింది గిన్నెలో వైర్‌లెస్ సెట్.

డిజైన్ గదిలో లీదియా ఒక్కతే ఉంది. జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలు.

"ఏంది జాబరూ, గడ్డం గీసుకోనీకి టైం దొరకలేదా?" అంది. అతని చేతిలో పిస్తోలు చూసి కళ్ళద్దాలు తీసింది. "గట్లనా."

"తప్పు తాళం ఎందుకిచ్చినవ్?"

"మూడు గడులే. నా కండ్లతోని చూసిన. నువ్వెట్ల చేసినవో చెప్పు."

"ఎడమకు మూడు జరిపిన. అంచు దాటినయి పోయినయ్. కుడి దిక్కు ఖాళీలల్ల సున్నాలు పెట్టిన."

"పోయినయా? యాడికి?"

"అంచు దాటింది చిందీయే గదా. కత్తిరించి పారేస్తం."

లీదియా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"మీ నాయిన మగ్గం, మీ తాత మగ్గం. పోగు అంచు దాటితే మీకు కత్తెర యాదికొస్తది. కంప్యూటర్ల గూడ కత్తెర పెట్టినవా దానియేలూ? ఎడమ దిక్కు పోయినయి కుడి దిక్కు లోపలికి రావాలె. గుండ్రంగ తిప్పాలె."

దానియేలుకు తన తప్పు తెలిసింది. ప్రోగ్రాంలో షిఫ్ట్ అని రాశాడు, రొటేట్ చేయాల్సింది. సుద్దముక్క తీసి, జేబులోని కాగితం చూసి నేల మీద చీర మొదటి వరుస రాశాడు: 10101100. తన యంత్రం దాన్ని 01100000 చేసింది. ఎడమన రాలిన 101ని కుడివైపు చేర్చాడు: 01100101. అక్షరం దొరికింది. తరువాతి వరుసా పలికింది. అన్నీ పలికాయి.

ఖాడీ వంతెన. ఇవాళే, నాలుగు గంటలకు.

సైన్యానికి మందుగుండు లారీలు వెళ్ళేది సముద్రపు పాయ మీది ఆ వంతెన మీదుగానే. గోడ గడియారం నాలుగుకు దగ్గర పడుతోంది.

"పొద్దుగాలకెల్లి గేటు కాడ నాకు కాపలున్న పండ్ల బండాయన కనపడుతలేడు," అంది లీదియా. "తీయించిండ్రా?"

అతను తల ఊపాడు. కిటికీ కింద నల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. చీర సంగతి ముఠాకు తెలిసిపోయింది.

లీదియా అద్దంలో చూసుకుని లిప్‌స్టిక్ దిద్దుకుంది. "వాళ్ళకు నేను కావాలె. నేను మాటలల్ల పెడ్త. నువ్వు డబ్బా తెరువు."

"ఆగు, నేను పోత."

"నీ వైర్‌లెస్ కోడు నాకొస్తదా? లారీలల్ల డ్రైవర్లున్నరు. తెరువు."

ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. అతను వైర్‌లెస్‌లో లారీలను ఆపమనే కోడ్ చెప్పాడు: "పడుగు తెగింది. మళ్ళీ చెప్తున్నా, పడుగు తెగింది." మొదటి లారీ ముందు చక్రాలు వంతెన ఎక్కుతుండగా బ్రేకులు పడ్డాయి. మరుక్షణం వంతెన నడిమి భాగం ఖాడీలో కూలింది. చెవిలో గొంతు పలికింది: "అందరూ క్షేమం."

మగ్గాల మోతలో తుపాకీ చప్పుడు అతనికి వినిపించలేదు. కాసేపటికి ఒక మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. వరుసంతా ఆగిపోయింది. టెంఘర్‌లో పగటిపూట అంత నిశ్శబ్దం అతను ఎన్నడూ వినలేదు. తలుపు తెరవకముందే అతనికి తెలిసిపోయింది.

ముఠాను పోలీసు తనిఖీ నాకా దగ్గర పట్టుకున్నారు. మర్నాడు చీఫ్ ఆమె ఫైలు మూయడానికి కలం తీశాడు.

"ఏమని రాయను? మన మనిషనా, వాళ్ళ మనిషనా?"

"నా మనిషి అని రాయండి, సార్."

చీఫ్ ఫైలంతా తిరగేశాడు. ఆ మాట రాసే గడి సర్కారువారు అచ్చువేయించలేదు.

రాసినది శారమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు, ఇప్పుడు ఉంటున్నది భివండి, కనేరి.