జాలిపడని చేప

పొద్దున్నే టీ గిన్నె దించి మస్తాన్‌బీ ముందుగదిలోకి వచ్చింది. అద్దాల తొట్టిలో రెండో నారింజ చేప కూడా తోక చిరిగి, చచ్చి తేలుతోంది. కింద రౌడీ తాపీగా తిరుగుతోంది. అది జానెడు పొడవు సముద్రపు చేప, ఒంటినిండా నీలం చారలు. అసలు పేరు రాస్ అట, కానీ ఇంట్లో అందరికీ రౌడీయే.

ఆమె భర్త జాన్ బాషా చిలకలూరిపేటలో లారీ బాడీల మీద నెమళ్ళు వేసే పెయింటరు. ఎనిమిది నెలల కిందట రేకు జారి కుడి మణికట్టు తెగింది. నరం అతికించిన డాక్టరు, "వేళ్ళకు స్పర్శ వస్తేనే మళ్ళీ బ్రష్షు" అన్నాడు. సూది గుచ్చినా తెలియని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కుమిలిపోతున్నాడని, కూతురు గుల్షన్ ఈ తొట్టి కొనిచ్చింది.

"నిన్న మేత వేస్తుంటే నా వేలూ కొరికింది. ఆక్వేరియం షాపు ముదస్సిర్‌ని రమ్మన్నా, పట్టుకుపోతాడు," అంది మస్తాన్‌బీ భర్తతో.

"నన్నడగవా?"

"దాన్నన్నా ఉంచుకో, నన్నన్నా ఉంచుకో!"

బాషా గొంతు లేచింది. "ఇంటికొచ్చినోళ్ళందరూ నా చెయ్యి చూసి అయ్యో పాపం అనేవాళ్ళే. అన్నం కలిపి పెడతా నువ్వూ అదే చూపు! నా మీద జాలిపడంది ఆ చేపొక్కటే. అద్దం దగ్గరికెళ్తే చాలు, మీదకొస్తది!"

మస్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కన్నీళ్ళు చూసి బాషా మెత్తబడ్డాడు. "సరేలే, ఇచ్చెయ్."

ముదస్సిర్ రానే వచ్చాడు. వల నీళ్ళలో పెట్టగానే రౌడీ ఇసకలోకి దూరిపోయింది.

"చెయ్యి పెట్టి లేపాలి బాబాయ్. కొరుకుద్దేమో!"

"నువ్వు జరుగు. నా కుడిచేతికి నొప్పేముంది, కొరకనీ."

ఎడమచేత్తో ఆ మొద్దు చేతిని పట్టుకుని ఇసకలోకి దించాడు. ఇసక గుప్పున లేచింది.

"అబ్బా!"

మస్తాన్‌బీ గిరుక్కున తిరిగింది. "ఏమన్నావ్?"

"కొరికింది మస్తానూ, చూపుడు వేలు..."

"ఏ చెయ్యి?"

బాషా తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఆమె ఒక్క దూకులో వచ్చి ఆ వేలు లాక్కుని గోటితో నొక్కింది.

"అమ్మో, నొప్పే!" అని అరిచాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతూ, "మళ్ళీ నొక్కు!" అన్నాడు.

"వల తియ్యి ముదస్సిర్," అంది మస్తాన్‌బీ. తొట్టి అద్దానికి నుదురు ఆనించింది. రౌడీ సర్రున ఆమె మీదికొచ్చింది. ఈసారి ఆమె వెనక్కి తగ్గలేదు.

"నీ కడుపు చల్లగుండ, రౌడీ నాయనా!"